తోడుగిన్నె

కామేశ్వరికి షుగరు జబ్బు వచ్చి పదహారేళ్ళు. ఆ పదహారేళ్ళలో ఆవిడ మింగనివి ఇనప మేకులొక్కటేనేమో. మెంతులు నానబెట్టి తాగింది. కాకరకాయ రసం ముక్కు మూసుకుని తాగింది. నేరేడు గింజల పొడి, పొడపత్రి ఆకు, ఉసిరీ పసుపూ కలిపి నూరిన ముద్ద... ఎవరు ఏది చెబితే అది. ఒకాయన పనిగట్టుకుని వేగిస కర్ర గ్లాసు తెప్పించి ఇచ్చాడు. అందులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున్నే తాగితే నలభై రోజుల్లో జబ్బు పారిపోతుందన్నాడు. నలభయ్యో రోజుకి గ్లాసు బీటలు తీసింది. జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంది.

అలాగని ఇంగ్లీషు వైద్యం మానేసిన మనిషి కాదు. మాత్రలు వాడింది, కిడ్నీలు నీరసించాయని డాక్టర్లే ఒక్కోటీ ఆపించారు. ఇన్సులిన్ వాడితే ఆవిడ ఒంట్లో అది ఏ రోజు ఎంత పనిచేస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. ఒకరోజు పులుసు పోపు పెడుతూ కళ్ళు తిరిగి పొయ్యి మీదే పడబోయి, మోచెయ్యి కాల్చుకుంది. ఎడమ కాలికి రెండు వేళ్ళు అప్పటికే తీసేశారు. ఇప్పుడు అరికాల్లో పుండు పడింది.

హైమవతి ఆవిడ చెల్లెలు. ఇద్దరికీ పద్నాలుగేళ్ళ తేడా. తల్లి పోయేనాటికి హైమకి ఆరేళ్ళు. అప్పట్నుంచి జడ వేసిందీ, అన్నం కలిపి నోట్లో పెట్టిందీ, జగన్నాథపురం సందులో జాకెట్లు కుట్టి పెద్ద చదువులు చదివించిందీ కామేశ్వరే. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "దీన్నెవరి నెత్తిన పెట్టి చేసుకోమంటారు?" అని కసిరేది. మిషను తొక్కీ తొక్కీ ఆ కాలు అరిగిపోయిందేమోనని హైమకి ఒక పిచ్చి బాధ. సైన్సు చదివిన మనిషి, అది నిజం కాదని ఆమెకి తెలుసు. అయినా బాధ పోదు.

హైమ పనిచేసే ప్రయోగశాల కాకినాడలోనే, ఎరువుల గోడౌన్లు దాటాక సముద్రం వైపు రోడ్డులో ఉంది. అక్కడ పాతికమంది తొమ్మిదేళ్ళుగా ఒకే ఒక్క జీవిని పెంచుతున్నారు. కంటికి కనబడదు. పాలు తోడుకునేలా చేసే సూక్ష్మజీవికి దగ్గర చుట్టం. కాగితాల మీద దాని పేరు మధుహారి. ల్యాబులో అందరూ పిలిచే పేరు తిండిపోతు. ఎవరైనా పెద్దలు చూడ్డానికి వస్తే హైమ గాజు జాడీలో గోరువెచ్చటి చక్కెరనీళ్ళు పోసి, ఒక పొట్లం పొడి అందులో కలిపి, "భోంచేసి రండి" అనేది. వాళ్ళు తిరిగొచ్చేసరికి నీళ్ళలో చక్కెర ఉండేది కాదు. అడుగున జిగురులాంటిది కొంచెం పేరుకుని ఉండేది. మన పేగుల్లోనూ అదే జరుగుతుందని చెప్పేది. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వెళ్ళేలోపే ఈ మహానుభావుడు కాజేసి, పనికిరాని జిగురు చేసి బయటికి పంపేస్తాడు.

"మరి ఇది ఒంట్లోనే తిష్ట వేస్తేనో?" అని వచ్చినవాళ్ళలో ఒకరైనా అడిగేవారు.

"వెయ్యలేదండి. దీనికొక మేత కావాలి. ఆ మేత ఏ తిండిలోనూ దొరకదు, ఈ పొట్లంలోనే ఉంటుంది. పొట్లం ఆపితే మూడో రోజుకి అన్నీ చస్తాయి."

ఆ కళ్ళెం వేసింది హైమే. ఆమె జీవితంలో గర్వంగా చెప్పుకున్న పని అదొక్కటే.

నాలుగొందల మంది రోగుల మీద పరీక్ష మొదలైంది. అక్కని కూడా చేర్చమని హైమ తన పై అధికారి డాక్టర్ పరాంకుశాన్ని అడిగింది. ఆయన వక్కపలుకు దవడన పెట్టుకుని, ఫైలు తిప్పి ఆమె ముందుకి తోశాడు.

"కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి ఇవ్వకూడదని రాసిందెవరమ్మా?"

"నేనేనండి."

"మరి నన్నడుగుతావేం?"

అదే వారం కాలి డాక్టరు పుండు చూసి పెదవి విరిచాడు. నెలరోజులు చూద్దామనీ, తగ్గకపోతే పాదం తీసెయ్యాల్సిందేననీ చెప్పాడు. బయటికొచ్చాక కామేశ్వరి, "ఒంటికాలి మీద మిషనెలా తొక్కుతారే?" అని అడిగింది. అదేదో నేర్చుకోవాల్సిన విద్య అన్నట్టు మామూలుగా అడిగింది. హైమకి ఆ మాట రోడ్డు దాటుతున్నంతసేపూ చెవిలో మోగింది.

హైమ వారంరోజులు ఆలోచించింది. ఒకవైపు తను రాసిన నియమం. మరొకవైపు అక్క పాదం. నియమం రాసినప్పుడు ఆమె కళ్ళముందు ఏ మనిషీ లేడు, ఉన్నదల్లా కాగితమే. ఇప్పుడు మనిషి ఉంది. ఎనిమిదో రోజు ల్యాబు చల్లటి గదిలోంచి ఇరవయ్యొక్క పొట్లాలు సంచిలో వేసుకుని జగన్నాథపురం వెళ్ళింది.

"ఏవిటే ఇది, గ్లూకోజు పొట్లంలా ఉంది?" అంది కామేశ్వరి.

"మందు. రోజుకొకటి. పొద్దున్నే చెంచాడు పెరుగులో కలిపి మింగెయ్."

"చేదా?"

"రుచేం ఉండదక్కా."

"అయితే పనిచెయ్యదు" అని తేల్చేసింది కామేశ్వరి. "చేదుంటేగాని నా ఒంటికి నమ్మకం కుదరదు."

"వేసుకో. ఎవరికీ చెప్పకు."

మందు అంది హైమ. బతికున్న సూక్ష్మజీవి అంటే అక్క వాకిట్లోంచి బయటికి విసిరేస్తుందని ఆమె భయం. ఎవరికీ చెప్పకు అంది. ఎవరికీ పెట్టకు అని చెప్పాలని ఆమెకి తోచనే లేదు. తొమ్మిదేళ్ళు నియమాలు రాసిన మనిషి, సొంత అక్క దగ్గరికొచ్చేసరికి అసలు మాట మింగేసింది.

పదిహేను రోజుల్లో పుండు అంచుల్లో కొత్త కండ ఎర్రగా కనబడింది. ఇరవై రోజులకి పూడుకోవడం మొదలైంది. కాలి డాక్టరు అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఏం వాడుతున్నారమ్మా?" అంటే, "కాకరకాయ రసమండి" అని కామేశ్వరి తొణక్కుండా చెప్పింది. ఇంటికొచ్చి ఇద్దరూ పడీపడీ నవ్వారు. కామేశ్వరి అలా నవ్వి ఎన్నేళ్ళయిందో!

పొట్లాలు అయిపోయాక నాలుగో రోజు నుంచి షుగరు మళ్ళీ లేవాలి. అది హైమకి తెలిసినంత బాగా లోకంలో ఎవరికీ తెలియదు. కానీ లేవలేదు. పదో రోజు చూస్తే పరగడుపున నూట పద్దెనిమిది. నెల తర్వాత నూట పన్నెండు.

"ఏం చేస్తున్నావక్కా?"

"ఏం చేస్తానే? నువ్విచ్చిన మందు చలవ" అంది కామేశ్వరి, మిషను చక్రం తిప్పుతూ.

ఆ జవాబు చాల్లేదని హైమకి ఆ క్షణంలోనే తెలుసు. ఇంకో మనిషి ఒంట్లో ఇలా జరిగి ఉంటే ఆ ఇల్లు పీకి పందిరి వేసి అయినా కారణం రాబట్టేది. ఇక్కడ మాత్రం సంతోషంగా నమ్మేసింది. కాలు నిలబడింది, అక్క మిషను తొక్కుతోంది, ఇంకేం కావాలి అనుకుంది. అలా నాలుగు నెలలు గడిచాయి.

కామేశ్వరి పక్క వాటాలో సత్తిబాబు, నూకరత్నం అని ఒక జంట ఉండేవారు. అతను ఆటో తోలేవాడు. పెళ్ళయిన ఏడేళ్ళకి రత్నం నీళ్ళోసుకుంది. సందులో అందరికీ అదో పండగ. కామేశ్వరి అయితే నాలుగో నెల నుంచే చిన్న చిన్న చొక్కాలు కుట్టడం మొదలెట్టింది. "ఆడపిల్లయితేనో పెద్దమ్మగారూ?" అని రత్నం అడిగితే, "అయితే గౌన్లు కుడతాను, నాకేం చేతులరిగిపోతాయా?" అనేది.

హైమ ప్రతి ఆదివారం అక్క ఇంటికి వచ్చేది. ఆ ఆదివారం వచ్చేసరికి పక్క గుమ్మంలో రత్నం గోడ పట్టుకుని నిలబడి ఉంది. మెడ ఎముకలు పైకి తేలాయి. చెంపలు పీక్కుపోయి, ఉన్న మనిషంతా పొట్టే అయినట్టుంది. ఆరో నెల.

"ఏంటి రత్నం, ఇలా అయిపోయావు?"

"ఏవోనండి మేడంగారూ. తింటానే ఉన్నానండి. ఒంటికి పట్టట్లేదండి. నిన్న కుళాయి కాడ కళ్ళు తిరిగి పడిపోయానండి."

రత్నం లోపలికెళ్ళాక కామేశ్వరి వంటింట్లోంచి కేకేసింది. "పాపం ఏం తిన్నా దాని కడుపులో ఇమడట్లేదే. నా పెరుగన్నం ఒక్కటే ఇముడుతోంది. మూడు పూటలా అదే పెడుతున్నాను."

హైమ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి పక్కన పళ్ళెం మూత పెట్టిన గిన్నె ఉంది. మూత తీసింది. పెరుగు రాయిలా గడ్డకట్టి ఉంది. పుల్లటి వాసన బదులు ఇంకేదో చప్పటి వాసన వచ్చింది. హైమకి ఆ వాసన తెలుసు. తొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే ల్యాబు తలుపు తియ్యగానే వచ్చే వాసన అదే.

"అక్కా, దీనికి తోడు ఎక్కడిది?"

కామేశ్వరి కొంచెం సిగ్గుపడింది, కొంచెం గొప్పగా కూడా చెప్పింది. "తిట్టకు మరి. మొదట్లో నీ మందు కలిపిన పెరుగు గిన్నెకి అంటుకుని మిగిలింది. కడిగి పారబోయడమెందుకని అందులోనే పాలు తోడేశాను. మర్నాడు పొట్లం వేసుకోకుండా ఆ పెరుగే తిని చూశాను. షుగరు పెరగలేదు! ఓహో, ఇది తోడుకునే మందన్నమాట అనుకున్నాను. ఇరవయ్యొక్కటీ అయిపోతే నువ్వు మళ్ళీ ఎక్కణ్ణుంచి తేగలవు? అందుకని పొదుపు చేశాను. మొదట వారానికో పొట్లం అందులో కలిపేదాన్ని. తర్వాత పదిహేను రోజులకోటి. ఇప్పుడు రెండు నెలల్నుంచి అసలు వెయ్యనేలేదు. అయినా చూడు, ఎంత బాగా తోడుకుందో."

హైమ గిన్నె మీద మూత తిరిగి పెట్టేసింది. ఆ జీవికి మేత కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, చచ్చేవి చావగా మిగిలినవాటితో మళ్ళీ మళ్ళీ కొత్త పాలు తోడెయ్యడం. ల్యాబులో ఎప్పుడూ చెయ్యకూడదని ఎర్ర సిరాతో రాసుకున్న పని అదే. అలా చేస్తే మేత లేకుండా బతకగలిగినవి మాత్రమే మిగులుతాయి. పాతికమంది భయపడి ముట్టుకోని ఆ పనిని అక్క ఒక్కతే, స్టీలు గిన్నెలో, రోజూ సాయంత్రం పాలు కాచి చల్లార్చి, పూర్తి చేసేసింది.

"ఈ తోడు ఎవరికైనా ఇచ్చావా?"

"ఇవ్వకుండా ఎలా ఉంటానే? గిన్నె పట్టుకుని గుమ్మంలోకొచ్చి అడిగితే లేదంటామా? ఇంత మంచి పెరుగు సందులో ఎవరింట్లోనూ లేదు. అందరూ పట్టుకెళ్ళారు. రత్నం కూడా ఇప్పుడు వాళ్ళింట్లోనే తోడేసుకుంటోంది."

కామేశ్వరి అడిగినవాళ్ళకి కాదనకుండా ఇచ్చింది. ఆ సందులో ఏ ఇల్లాలైనా అంతే చేస్తుంది. ఒంట్లో షుగరు ఎక్కువున్న మనిషికి ఆ పెరుగు అమృతం. కడుపునిండా తినే మనిషికి నాలుగు కేజీలు తగ్గిస్తుంది, అంతే. ఇద్దరి తిండి తినాల్సిన రత్నానికి మాత్రం తిన్న ముద్ద తిన్నట్టే లోపల మాయమైపోతోంది. కడుపులో బిడ్డకి చేరేదేమీ లేదు.

హైమ అప్పుడే, అక్కడే చెప్పి ఉండాల్సింది. పక్క గుమ్మం పది అడుగుల దూరం. చెప్పలేదు. "ఈ పెరుగు రెండ్రోజులు వాడకక్కా, పాలల్లో ఏదో తేడా ఉంది" అని అబద్ధమాడి, సీసాలో ఒక చెంచాడు పెరుగు వేసుకుని ల్యాబుకి వెళ్ళిపోయింది. రుజువు లేకుండా మాట్లాడకూడదని తనకి తాను చెప్పుకుంది. ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకి ఎన్నేళ్ళుగానో నేర్పిన పాఠమే. ఆ పాఠం అంత పనికొచ్చిన రోజు ఆమెకి మళ్ళీ రాలేదు. పొట్లాలు దొంగిలించిన సంగతి బయటపడుతుందనీ, ఉద్యోగం పోతుందనీ, జైలు కూడా తప్పదేమోననీ, అన్నిటికీ మించి అక్క కాలు మళ్ళీ పోతుందనీ ఉన్న భయాలన్నీ ఆ పాఠం కిందే సర్దుకున్నాయి.

రెండు గాజు పళ్ళాలు పెట్టింది. ఒకదాంట్లో మేత వేసింది, రెండోదాంట్లో వెయ్యలేదు. తేలడానికి రెండు రోజులు పడుతుంది.

సోమవారం మధ్యాహ్నం సత్తిబాబు ఫోను చేశాడు. రత్నం మళ్ళీ పడిపోతే ఆస్పత్రిలో చేర్చారట.

"మేడంగారూ, ఇక్కడ డాక్టర్లకి ఏటీ అర్థం కావట్లేదంటన్నారండి. మీరు పెద్ద చదువులు చదివారు కదండి, ఓపాలి వచ్చి సూడండి. మీ కాళ్ళకి దండం పెడతానండి."

హైమ వెళ్ళింది. రత్నం చేతికి సెలైను ఎక్కుతోంది. మంచం పక్క స్టూలు మీద సత్తిబాబు క్యారేజీ మూత తీస్తున్నాడు. లోపల పెరుగన్నం, పైన దానిమ్మ గింజలు చల్లి ఉంది. అతనే ఇంట్లో పాలు తోడేసి, అన్నం కలిపి తెచ్చాడట.

"ఇవాళ పెరుగన్నం వద్దు సత్తిబాబూ. ఏదైనా జ్యూసు పట్టించు."

"అదొక్కటే ఇముడుతుందండి దానికి. మిగతాదేదెట్టినా కక్కేస్తందండి" అన్నాడతను, చెంచా కడుగుతూ.

చెయ్యి చాపితే క్యారేజీ అందుతుంది. లాక్కుని కింద పారబోస్తే చాలు. ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. హైమ చేతులు కట్టుకుని అలాగే నిలబడింది. రత్నం ఆరు చెంచాలు తింది. ఆరూ హైమ లెక్కపెట్టింది. తిన్నాక రత్నం చీరకొంగుతో మూతి తుడుచుకుని, "బానే ఉందండి మేడం, మీరు కంగారు పడకండి" అంది.

మంగళవారం పళ్ళాలు తీసి చూసింది. మేత లేని పళ్ళెంలో కూడా తిండిపోతు తెల్లగా, దట్టంగా, మీగడ కట్టినట్టు పెరిగి ఉంది. పరాంకుశం గదికి పట్టుకెళ్ళి అంతా చెప్పింది. దొంగతనంతో సహా. ఆయన చాలాసేపు పళ్ళెం వంకే చూశాడు. వక్క నమలడం మర్చిపోయాడు.

"ఇంకా ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ లేదండి."

"గురువారం దాకా ఎవరితోనూ అనకు. లాయరుతో మాట్లాడాలి. ఇది బయటికొస్తే పరీక్ష ఆపేస్తారు. నాలుగొందల మందమ్మా హైమా! వాళ్ళల్లో ఎంతమందికి కాళ్ళు నిలబడ్డాయో నీకు తెలుసు. ఒక్క మనిషి కోసం..." అని ఆగిపోయాడు. చెడ్డవాడు కాదు. ఆయన తండ్రి ఇదే జబ్బుతో కళ్ళు పోగొట్టుకుని చచ్చిపోయాడు.

ఆ రోజు కూడా హైమ ఆస్పత్రికి ఫోను చెయ్యలేదు. సాయంత్రం రెండుసార్లు నంబరు నొక్కి, రెండుసార్లూ పెట్టేసింది.

బుధవారం పొద్దున్న ఎనిమిది గంటలకి సత్తిబాబే ఫోను చేశాడు. వెనక ఎవరో నర్సు గొంతు. చివరికి, "గుండె కొట్టుకోవట్లేదంటండి బిడ్డది" అన్నాడు. తర్వాత, "మగపిల్లోడంటండి" అన్నాడు.

హైమ ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్ళి, డ్యూటీ డాక్టరు ముందు నిలబడి మొత్తం చెప్పింది. ఏ మందు ఇస్తే ఆ జీవి చస్తుందో, ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసిచ్చింది. ఆ డాక్టరు వయసులో చిన్నమ్మాయి. కాగితం తీసుకుని, "ఇది ఆదివారం రాసివ్వాల్సింది కదండీ" అంది. తిట్టలేదు. ఆ మందుతో మూడు రోజుల్లో రత్నం మంచం మీద లేచి కూర్చుంది. పిచ్చిముండ మందు, ఆదివారం వేసినా అంతే చక్కగా పనిచేసి ఉండేది.

ఆ బుధవారం మధ్యాహ్నమే కామేశ్వరికి చెప్పడానికి వెళ్ళేసరికి ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది. ఒళ్ళో బుల్లి చొక్కాలున్నాయి. చేసేదేం లేక వాటి కుట్లు విప్పుతోంది. హైమ నేల మీద కూర్చుని మొదట్నుంచీ చెప్పింది. పొట్లంలో ఉన్నది మందు కాదు, ప్రాణమున్న జీవి అని చెప్పింది. తోడెయ్యడం వల్ల అది కళ్ళెం తెంపుకుందని చెప్పింది. కామేశ్వరి కత్తెర పక్కన పెట్టింది.

"అంటే నా పెరుగేనా?"

"నీకు తెలీదక్కా. నేను చెప్పలేదు. తప్పు నాది."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం అనుమానం వచ్చింది. మంగళవారం ఖాయమైంది."

"సోమవారం ఆస్పత్రికి వెళ్ళావటగా. సత్తిబాబు చెప్పాడు. మేడంగారు వచ్చి అరగంట నిలబడ్డారు, ఎంత మంచివారో అన్నాడు." కామేశ్వరి గొంతు పెద్దది కాలేదు. "అది తింటుంటే చూశావా?"

హైమ తల ఊపింది.

"నేను తెలీక పెట్టానే. రోజూ దాని పక్కన కూర్చుని, ఇంకో ముద్ద తినవే అని బతిమాలి మరీ పెట్టాను. ఈ చేతుల్నేం చేసుకోవాలో నాకు తెలీట్లేదు. నువ్వు తెలిసి తిననిచ్చావు."

"నీ కాలక్కా... నీ కాలు పోతుందని..."

"నా కాలు అడ్డమెట్టుకోకే!" అని అరిచింది కామేశ్వరి. హైమ పుట్టి బుద్ధెరిగాక అక్క తన మీద అరవడం అదే మొదలు.

ఆ సాయంత్రమే కామేశ్వరి కర్ర పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, నేనిచ్చిన తోడు విషం, పారబోసి గిన్నెలు మరగబెట్టండమ్మా అని చెప్పింది. పదకొండు ఇళ్ళు లెక్క తేలాయి. పదకొండో ఇల్లాలు నోరు నొక్కుకుని, మొన్న తన ఆడపడుచు స్టీలు డబ్బాలో కాస్త పలాసకి పట్టుకెళ్ళిందని చెప్పింది. నాలుగో ఇంటావిడ చెల్లెలు తునిలో ఎవరికో ఇచ్చింది. తర్వాత ప్రభుత్వం వాళ్ళు వచ్చారు, పేర్లు రాసుకున్నారు, టముకు వేయించారు. రాసుకునేకొద్దీ పేర్లు పెరిగాయేగానీ తరగలేదు. రెండు నెలల్లో నాలుగు ఊళ్ళలో కారణం తెలియకుండా చిక్కిపోతున్న గర్భిణుల గురించి కబుర్లొచ్చాయి. ప్రతి కబురూ హైమకి చేరేది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం వాళ్ళు ఆమెని పిలిచి చదివించేవారు. ప్రయోగశాలకి తాళం పడింది. నాలుగొందల మంది రోగులు గేటు ముందు కూర్చుని, మాకు బాగానే ఉంది, మా మందు మాకివ్వండి అని మొత్తుకుని మొత్తుకుని వెళ్ళిపోయారు.

అంతకుముందే, రత్నం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడు హైమ వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళింది. సత్తిబాబు లేచి బయటికి వెళ్ళిపోయాడు. రత్నం చాప మీద గోడకానుకుని కూర్చుని అంతా విన్నది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని హైమ ఎదురుచూసింది.

"పెద్దమ్మగారికి తెలీదు కదండి?"

"తెలీదు."

"ఆవిణ్ణెవరూ ఏమీ అనొద్దని చెప్పండి. నాకు మా అమ్మ కూడా అలా పెట్టలేదండి." చాప అంచు సర్దుకుని, "ఇప్పుడు నేనేం తినొచ్చండి?" అని అడిగింది.

అన్నీ తినొచ్చమ్మా అంది హైమ. రత్నం సరేనన్నట్టు తలాడించి, అటు తిరిగి పడుకుంది.

తోడు పట్టుకెళ్ళిన పదకొండు ఇళ్ళవాళ్ళకీ మాత్రలు ఇచ్చారు. కామేశ్వరి వంతు వచ్చింది. వేసుకుంటే ఒంట్లో తిండిపోతు చస్తుంది. తర్వాత ఏం జరుగుతుందో ఆవిడకి తెలుసు. హైమ గ్లాసుతో నీళ్ళు అందించబోతే తీసుకోలేదు. లేచి వెళ్ళి కుండలో నీళ్ళు తనే ముంచుకుని మాత్ర వేసుకుంది.

వారం తిరిగేసరికి షుగరు మూడొందలు దాటింది. హైమ చెయ్యని ప్రయత్నం లేదు. హైదరాబాదు డాక్టర్లకి రిపోర్టులు పంపింది. కొత్త ఇన్సులిన్ తెప్పించింది. కామేశ్వరి కాదనలేదు, డాక్టరు చెప్పినట్టే అన్నీ చేసింది. హైమ చేతి మీదుగా వచ్చినది మాత్రం ఏదీ ముట్టుకోలేదు. ఇంజెక్షను వేయించుకోవడానికి రోజూ కుంటుకుంటూ వీధి చివర క్లినిక్కుకి వెళ్ళేది. ఎన్ని చేసినా ఆరో వారానికి పుండు మళ్ళీ నోరు తెరిచింది. ఎనిమిదో వారానికి మడమ నల్లబడింది.

ఆపరేషను రోజు హైమ పొద్దున్నే ఆస్పత్రికి వచ్చి, వరండా బల్ల మీద కూర్చుంది. కామేశ్వరిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. నర్సు అట్టకి బిగించిన కాగితాలు పట్టుకుని వచ్చింది.

"మోకాలి కింద దాకా తీస్తారమ్మా. ఇంట్లోవాళ్ళ సంతకం కావాలి." హైమ వైపు తిరిగి, "మీరేమవుతారండి?" అని అడిగింది.

హైమ పెన్ను తీసుకుంటూ లేచింది.

"ఆవిడ ఏమీ అవరమ్మా" అంది కామేశ్వరి. చెల్లెలి వైపు చూడనైనా చూడలేదు. "నేను వాడిన మందు తయారుచేసినావిడ. నా మనిషి వేరే ఉన్నాడు, ఆటో పెట్టి వస్తున్నాడు."

నర్సు ఇద్దరి మొహాలూ చూసి పెన్ను వెనక్కి తీసుకుంది. సత్తిబాబు వచ్చాడు. ఖాకీ చొక్కాకి చేతులు తుడుచుకుని, కాగితం గోడకానించి, కూడబలుక్కుంటూ పేరు రాశాడు. సంబంధం అన్నచోట ఏం రాయాలని అడిగాడు.

"కొడుకని రాయి నాయనా" అంది కామేశ్వరి.

అతను ఆ ముక్క రాయడానికి చాలాసేపు పట్టింది. రాశాక కూర్చోవడానికి చోటు కోసం చూశాడు. బల్ల ఒక్కటే ఉంది. హైమ సంచి తీసుకుని పక్కకి జరిగింది. అతను ఆ చోట కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కుర్చీ లోపలికి వెళ్ళిపోయింది, తలుపు మూశారు.